వార్త పుట్టే చోటే విలేకరి చదువు

2012 సెప్టెంబరులో అమెరికా నుంచి ఒక పరిశోధన కథనం వెలువడింది. మధ్య అమెరికా చెరకు తోటల కూలీలు, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతులు, మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జనం... ఇంత దూరదూరాన ఉన్న మనుషుల మూత్రపిండాలు అంతుచిక్కని కారణంతో ఎందుకు పాడవుతున్నాయని అడిగిన కథనం అది. ప్రచురించింది వాషింగ్టన్‌లోని ఇంటర్నేషనల్ కన్సార్షియం ఆఫ్ ఇన్వెస్టిగేటివ్ జర్నలిస్ట్స్. నాలుగేళ్ల తర్వాత పనామా పేపర్లతో లోకమంతటికీ తెలిసిన సంస్థ. ఉద్దానం కిడ్నీ జబ్బు అప్పటికి తెలుగు పత్రికలకు కొత్త కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల విలేకరులు ఊరూరా తిరిగి రాస్తూనే ఉన్నారు. డాక్టర్ టి.రవిరాజు వంటి నెఫ్రాలజిస్టులు విశాఖ నుంచి వచ్చి పరీక్షలు చేస్తూనే ఉన్నారు. అయినా మూడు చోట్ల బాధనూ ఒక్క కథనంలోకి తెచ్చిన పని మాత్రం బయటివాళ్లు చేశారు.

ఇందులో మన విలేకరుల తెలివిని తప్పుపట్టడానికి లేదు. సోంపేట విలేకరికి శ్రీలంకలోని అనూరాధపురలో ఫోనెత్తి మాట్లాడే తోటి విలేకరి లేడు. చేతిలో ఉన్న రోగుల లెక్కను ఎలా సరిచూసుకోవాలో, ఏ వైద్య పత్రికలో ఏ వ్యాసం వెదకాలో చెప్పే గురువు లేడు. ఇంకో పని పెట్టుకోకుండా పదిహేను రోజులు ఆ ఒక్క విషయం మీదే తిరగడానికి డబ్బు లేదు. మాధ్యమ అధ్యయనాల్లో పీజీలు, పీహెచ్‌డీలు చేస్తున్న మన పిల్లలకు శిక్షణ కావాలి, పరిచయాలు కావాలి అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేవి ఈ మూడు లోట్లే. పని నేర్పే మనిషి, ఆ పనిని ఊరు దాటించే పరిచయం, అది పూర్తయ్యేదాకా బతకడానికి నాలుగు రూపాయలు. హైదరాబాదులో, చెన్నైలో, ఢిల్లీలో ఇవి దొరుకుతున్నాయి, అదీ ఇంగ్లిషు వచ్చినవాళ్లకు. పలాస పక్కనున్న కాశీబుగ్గలో తెలుగులో దొరకాలి. అలా దొరికేలా చేయడం మనం అనుకున్నంత కష్టమూ కాదు.

ఈ ప్రాంతం నుంచి జర్నలిజం చదువుకు వెళ్లే పిల్లల దారి ఒకసారి చూడండి. పలాసలోనో టెక్కలిలోనో డిగ్రీ అవుతుంది. పీజీకి ఎచ్చెర్ల విశ్వవిద్యాలయానికో విశాఖకో వెళ్లాలి, లేదంటే ఇంకా దూరం. అక్కడ సమాచార సిద్ధాంతాలు చెబుతారు. విల్బర్ ష్రామ్ నమూనా గీయిస్తారు, మెక్‌లూహన్ పేరు చెబుతారు, రెండంచెల సమాచార ప్రవాహం గురించి పది మార్కుల జవాబు రాయిస్తారు. ఇవి అక్కర్లేదని నేను అనను. సిద్ధాంతం లేకుండా చేసిన పని నాలుగు రోజులకే నీరసిస్తుంది. కానీ బొడ్డపాడులో అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి 1960లలో జముకుల కథను రాజకీయ ప్రచారానికి ఎలా మలిచాడన్నది కూడా సమాచార శాస్త్రమేనని ఆ తరగతిలో ఎవరూ అనకపోతే, ఉద్దానం కుర్రాడు తన ఊరిని తరగతి బయట వదిలి కూర్చుంటాడు. రెండేళ్ల తర్వాత చేతికొచ్చే పట్టా అతన్ని హైదరాబాదు డెస్కుకు పంపుతుంది. అక్కడ అతను చేసే పని, కాశీబుగ్గ నుంచి ఇంకెవరో పంపిన వార్తకు శీర్షిక పెట్టడం.

ఆ పంపినవాడికి చాలాసార్లు జర్నలిజం చదువు ఉండదు. చదివినవాడికి ఊరు ఉండదు. తెలుగు పత్రికా రంగంలో ఈ ఎడం పాతదే. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చినప్పుడు మండలానికొక కంట్రిబ్యూటర్ అవసరమయ్యాడు. ఇతర పత్రికలూ అదే బాట పట్టాయి. ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల విప్లవం మీద 2000లో తెచ్చిన పుస్తకంలో ఈ తెలుగు ప్రయోగానికి మంచి చోటే ఇచ్చాడు. పల్లె వార్త పత్రికకెక్కడం చిన్న విషయం కాదు. బోరు చెడిపోయిందని, బడికి మాస్టారు రాలేదని అచ్చయితే అధికారి కదిలిన రోజులవి. అయితే ఆ వార్త పంపినవాడికి జీతం లేదు. అచ్చయిన నిడివిని కొలిచి ఇచ్చే లైన్ ఎకౌంటు, దాంతోపాటు ప్రకటనలు తెచ్చే బాధ్యత. ఎవరి మీద వార్త రాయాలో ఆ మనిషి దగ్గరికే పండగ ప్రకటన అడగడానికి వెళ్లాల్సిన పరిస్థితిలో ఉన్నవాడిని నీతి గురించి నిలదీయడం సులువు. అతని చేతికి మరో ఆదాయం, మరో నైపుణ్యం ఇవ్వడం మీద మాత్రం మూడున్నర దశాబ్దాల్లో పెద్దగా ఎవరూ దృష్టి పెట్టలేదు.

పత్రికలు సొంతంగా పెట్టుకున్న జర్నలిజం స్కూళ్లు ఈ లోటును కొంత తీర్చాయి. బూదరాజు రాధాకృష్ణ వంటి భాషావేత్త ప్రిన్సిపాల్‌గా కూర్చుని వాక్యం వాక్యం దిద్దిన ఈనాడు జర్నలిజం స్కూలు నుంచి వచ్చినవాళ్లు ఇవాళ్టికీ ఎన్నో తెలుగు డెస్కుల్లో కనిపిస్తారు. స్టయిపెండు ఇచ్చి నేర్పడం, నేర్పాక పనిలో పెట్టుకోవడం అన్న పద్ధతి చాలా గట్టిది. విశ్వవిద్యాలయాలు ఆ ముక్క అక్కడి నుంచి నేర్చుకోవాలి. కాకపోతే ఆ స్కూళ్లు తమ సంస్థకు కావలసినంతమందిని తమ అవసరానికి తగ్గట్టు తయారు చేసుకుంటాయి. ఒక రోగం మీద ఏడాది పాటు పట్టు వదలకుండా పనిచేసే విలేకరిని, ఒక తీరం మీద పదేళ్లు పరిశోధించే విద్యావేత్తను తయారు చేయడం విశ్వవిద్యాలయం పని.

అలాంటి పనికి ఈ ప్రాంతంలో ఉన్నంత సామగ్రి తక్కువ చోట్ల ఉంటుంది. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలకు వ్యతిరేకంగా నిలబడ్డ జనం మీద కాల్పులు జరిగాయి. కాగితాల్లో పనికిరాని భూమిగా రాసుకున్నదీ, జనం బీల (చిత్తడి) అని పిలుచుకునేదీ ఒకటే నేల. ఆ తేడా పట్టుకోవాలంటే పర్యావరణ ప్రభావ నివేదిక చదవడం రావాలి, ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్ తెప్పించుకోవడం రావాలి, రెవెన్యూ రికార్డు విప్పి చూడడం రావాలి. 2013లో ఫైలిన్ తుపాను, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. తిత్లీలో కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు నేలమట్టమైన వార్త అందరూ రాశారు. కొబ్బరి మొక్క నాటి మళ్లీ కాపుకు రావడానికి పట్టే ఏళ్లలో ఆ ఇంటి మనుషులు ఎక్కడికి వలస వెళ్లారు, ఏం తిన్నారు, ఎవరు తిరిగొచ్చారు అన్న వార్తకు మాత్రం విలేకరిని అక్కడే ఉంచాలి. ఈ తీరం నుంచి గుజరాత్‌కు వెళ్లి పాకిస్తాన్ జైల్లో పడ్డ మత్స్యకారుల బతుకు 2025లో తండేల్ సినిమాగా వచ్చింది. పలాస కూడా 2020లో పలాస 1978 సినిమాతో తెర మీదికి ఎక్కింది. మన తీరం కథలకు చూసేవాళ్లు ఉన్నారని ఈ రెండూ చెప్పాయి.

శిక్షణ లేకపోతే ఏమవుతుందో కూడా ఇక్కడే చూశాం. 2020 జూన్‌లో కొవిడ్ భయంతో పలాసలో ఒక వృద్ధుడి మృతదేహాన్ని జేసీబీలో తరలించారు. ఆ దృశ్యం ఫోన్లలో పాకి, ప్రభుత్వం కదిలి అధికారులను సస్పెండ్ చేసింది. వీడియో తీసి ఉండకపోతే ఆ అమానుషం బయటికి వచ్చేదే కాదు, కాబట్టి తీయడం సరైన పనే. కానీ ఆ మనిషి ఎవరో, ఇల్లు ఎక్కడో తెలిసిపోయేలా చూపించాలా? కుటుంబాన్ని ఎవరైనా అడిగారా? 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగి భక్తులు ప్రాణాలు కోల్పోయినప్పుడు ఇదే ప్రశ్న ఇంకా గట్టిగా ఎదురైంది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మహిళలు. కొద్ది గంటల్లోనే ఆ ఆలయ మెట్ల మీది దృశ్యాలు దేశమంతా తిరిగాయి. ఊపిరాడక చేతులు చాస్తున్న ఆడవాళ్ల ముఖాలను మళ్లీ మళ్లీ చూపించడం వల్ల ఎవరికి ఏం తెలిసింది?

ఆ రోజున శిక్షణ పొందిన పదిమంది స్థానిక విద్యార్థులు ఉండి ఉంటే పని మరోలా సాగేది. ఒకరు ఆస్పత్రి దగ్గర నిలబడి, అధికారులు ధ్రువీకరించేదాకా మృతుల సంఖ్య చెప్పకుండా ఆగేవారు. ఒకరు ఆలయానికి వచ్చే దారి, పోయే దారి కొలతలు తీసుకుని బొమ్మ గీసేవారు. మరొకరు అది ప్రైవేటు ఆలయం గనక జనం పెరిగితే బందోబస్తు అడగాల్సిన బాధ్యత ఎవరిది, చూడాల్సిన శాఖ ఏది అని నిబంధనలు తిరగేసేవారు. ఇంకొకరు నెల తర్వాత, ఆర్నెల్ల తర్వాత ప్రకటించిన పరిహారం చేతికందిందా అని ఇల్లిల్లూ తిరిగేవారు. ఆ చివరి పని బయటి నుంచి వచ్చిన ఓబీ వ్యానుకు సాధ్యం కాదు. అది మరుసటి రోజు ఇంకో ఊళ్లో ఉంటుంది.

ఇక శిక్షణ అంటే మన దగ్గర సాధారణంగా జరిగేది చెబుతాను. వక్త వస్తారు, పవర్‌పాయింట్ చూపిస్తారు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. పిల్లలకు ఆ కాగితాలు పెరుగుతాయి, పని రాదు. ఈత గట్టు మీద నిలబడి నేర్చుకునేది కాదు. ఒక వార్తను మొదటి నుంచి చివరిదాకా ఒకరి చేతికింద చేయాలి. అందుకు ఉద్దానంలోనే ఉన్న ఒక విషయం తీసుకుంటాను: జీడిపిక్కల బస్తా.

ఇక్కడ జీడిపిక్కలను 80 కేజీల బస్తా లెక్కన కొంటారు. గిట్టుబాటు ధర కావాలని, బస్తాకు 16 వేల రూపాయలు ఇప్పించాలని రైతులు కొన్నేళ్లుగా అడుగుతున్నారు. పీజీ విద్యార్థికి ఈ ఒక్క బస్తా అప్పజెప్పండి. ముందు వజ్రపుకొత్తూరు తోటలో దాని పుట్టుక చూడాలి: తిత్లీ తర్వాత వేసిన చెట్టా, పాతదా, ఎకరానికి ఎన్ని బస్తాలు వస్తున్నాయి. తర్వాత దళారీ కాటా దగ్గర నిలబడాలి. తేమ పేరుతో, తాలు పేరుతో ఎంత తగ్గిస్తున్నారో రాసుకోవాలి. అక్కడి నుంచి కాశీబుగ్గ జీడి పరిశ్రమలోకి వెళితే బాయిలింగ్, కటింగ్, డ్రయ్యింగ్, పీలింగ్, గ్రేడింగ్. గుల్లలోని నూనె తగిలితే చర్మం కాలుతుంది. కటింగ్ దగ్గర కూర్చున్న ఆడవాళ్ల వేళ్లు చూస్తే ఎన్నేళ్లుగా ఆ పని చేస్తున్నారో చెప్పొచ్చు. పొట్టు ఒలిచే అమ్మకు కేజీకి ఇంత అని కూలి. ఆ రోజుకు ఎన్ని కేజీలైంది, విరిగిన బద్దకు ఏం కోత పెట్టారు, పీఎఫ్ ఉందా, ఈఎస్ఐ కార్డు ఉందా? గ్రేడింగ్ బల్ల మీద డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని వేరు చేసేది పౌను బరువుకు ఎన్ని గుండు పప్పులు తూగుతాయన్న లెక్క మీద. పిక్క బరువులో పప్పు సుమారు నాలుగో వంతు గనక 80 కేజీల బస్తాకు 20 కేజీల అటూ ఇటూ. ఆ 20 కేజీలు హైదరాబాదు దుకాణంలో ఎంతకు అమ్ముతున్నారో చూసి వెనక్కి లెక్క కడితే, ఎవరి చేతిలో ఎంత మిగిలిందో తేలుతుంది.

అంతటితో అయిపోదు. రైతు ధర అడిగినప్పుడల్లా వ్యాపారి చెప్పే జవాబు ఆఫ్రికా పిక్క. ఆ మాటలో నిజమెంత? పచ్చి జీడిపిక్క ఉత్పత్తిలో ప్రపంచంలో ముందున్నది ఐవరీ కోస్ట్, పప్పు ఎగుమతిలో ముందున్నది వియత్నాం. ఈ రెండు దేశాల ధరలు, దిగుమతి సుంకం, రూపాయి విలువ తెలియకుండా కాశీబుగ్గ బస్తా ధర మీద రాసే వార్త సగం వార్తే అవుతుంది. పరిచయాల అవసరం సరిగ్గా ఇక్కడ వస్తుంది. అబిజాన్‌లో ఒక విలేకరి, హోచిమిన్ సిటీలో ఒక వాణిజ్య పాత్రికేయురాలు ఉంటే, ముగ్గురూ ఒకే వారం మూడు మార్కెట్ల ధర కనుక్కుని కలిపి రాయగలరు. కిడ్నీ జబ్బు విషయంలో వాషింగ్టన్ చేసిన పనిని జీడి విషయంలో కాశీబుగ్గ చేయడానికి అడ్డేమీ లేదు.

అలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారు? 2003 నుంచి ఉన్న గ్లోబల్ ఇన్వెస్టిగేటివ్ జర్నలిజం నెట్‌వర్క్ రెండేళ్లకోసారి మహాసభ జరుపుతుంది. 2025 నవంబరులో అది కౌలాలంపూర్‌లో జరిగింది, ఆసియాలో తొలిసారి. వర్ధమాన దేశాల విలేకరులకు దారి ఖర్చులిచ్చే ఫెలోషిప్పులూ ఇస్తారు. 2002లో ఏర్పడ్డ నెట్‌వర్క్ ఆఫ్ విమెన్ ఇన్ మీడియా ఊరు కాని ఊళ్లో పనిచేసే అమ్మాయికి కనీసం ఒక ఫోన్ నంబరు, ఒక పెద్దక్క తోడు అవుతుంది. పి.సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన గ్రామీణ కథనాల వెబ్‌సైటు పరి, విద్యార్థుల రచనలకు చోటిస్తుంది. తెలుగులోనూ వస్తుంది. ఈ పేర్లన్నీ నగరాల విద్యార్థులకు తెలుసు. ఎచ్చెర్ల దాకా, టెక్కలి దాకా ఆ సమాచారం సమయానికి రాదు. వచ్చినా దరఖాస్తు ఇంగ్లిషులో, గతంలో ప్రచురించిన పని జత చేయమని షరతు. తెలుగులో అచ్చయిన మంచి కథనాన్ని ఇంగ్లిషు సారాంశంతో ఎలా పంపాలో ఒక అధ్యాపకుడు పక్కన కూర్చుని చూపిస్తే చాలు. ఈ చిన్న సాయానికి విశ్వవిద్యాలయాల్లో ఒక మనిషి లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు భాష ఇంకా పెద్ద గోడ. మాధ్యమ అధ్యయనాల్లో జేఆర్ఎఫ్ రావాలంటే యూజీసీ నెట్ రాయాలి. ఆ ప్రశ్నపత్రం ఇంగ్లిషులో, హిందీలో ఉంటుంది. తెలుగు పత్రికల మీద, తెలుగు టీవీ మీద పరిశోధించబోయే ఉద్దానం విద్యార్థి ఆ అర్హతను మాత్రం ఈ రెండు భాషల్లోనే సంపాదించాలి. నెగ్గినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్ ఉంది. అది చేనికీ కూలికీ పంపకుండా ఒక ఇంటి బిడ్డను చదివించగల మొత్తం. కనుక మాతృభాషలో బోధన అని జాతీయ విద్యావిధానం పేరిట ఇంతగా చెబుతున్నవారు నెట్‌ను ప్రాంతీయ భాషల్లో పెట్టాలన్న డిమాండుకు జవాబు చెప్పాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఈ ఒక్క విషయం పార్లమెంటులో గట్టిగా అడిగినా మేలే.

చదవడానికి సామగ్రి దొరక్కపోవడం మరో కష్టం. పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలను ప్రెస్ అకాడమీ డిజిటల్ చేసి పెట్టడం గొప్ప సేవ. అదే అకాడమీ ఇప్పుడు సి.రాఘవాచారి పేరుతో విజయవాడలో మీడియా అకాడమీగా ఉంది. కానీ 1989 తర్వాతి జిల్లా పేజీలు, మన కాలపు పల్లె చరిత్రంతా ఉన్న ఆ పేజీలు, విద్యార్థి చేతికి వరసగా దొరకడం కష్టం. ఉద్దానం జబ్బు గురించి తొలి వార్త ఏ రోజు, ఎన్ని సెంటీమీటర్లలో, ఏ మూలన వచ్చిందో తేల్చాలంటే ఎక్కడికి వెళ్లాలి? ఇదే జిల్లాలో ఒక రిటైర్డ్ మాస్టారు, కాళీపట్నం రామారావు, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచి, తెలుగు కథ అచ్చయిన పత్రికలను ఊరూరి నుంచి సేకరించి ఒక చోట పేర్చారు. తెలుగు కథ మీద పరిశోధించేవాళ్లు ఎక్కడి నుంచైనా శ్రీకాకుళం రావాల్సిందే. వార్తకు అలాంటి నిలయం కాశీబుగ్గలో ఎందుకు ఉండకూడదు? మండల విలేకరుల ఇళ్లలో అటక మీద కట్టలు కట్టి ఉన్న క్లిప్పింగులు, డైరీలు, నెగెటివ్‌లు చెదలు పట్టకముందే తెచ్చి స్కాన్ చేసే పని ఒక పీజీ బ్యాచ్‌కు ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. అలా చేసిన విద్యార్థి, పాత విలేకరితో నెలల తరబడి మాట్లాడతాడు. శిక్షణ అందులోనే వస్తుంది, పరిచయం అందులోనే వస్తుంది.

ప్రపంచం మన దగ్గరికి వచ్చినప్పుడు కూడా మనం పూర్తిగా వాడుకోలేదు. 1957లో యునెస్కో అండతో పుట్టిన అంతర్జాతీయ మాధ్యమ పరిశోధకుల సంఘం ఐఏఎంసీఆర్, 2014 జూలైలో తన మహాసభను హైదరాబాదులో జరిపింది. అక్కడి ఇఫ్లూ విశ్వవిద్యాలయం ఆతిథ్యమిచ్చింది. పుస్తకాల మీద పేర్లుగా మాత్రమే తెలిసిన పండితులు మన నేల మీద నడిచారు. అలాంటి సభలకు చుట్టుపక్కల జిల్లాల నుంచి వందమంది పీజీ విద్యార్థులను తీసుకెళ్లి, సభ తర్వాత నలుగురు పండితులను ఉత్తరాంధ్రకు రప్పించే ఏర్పాటు విశ్వవిద్యాలయాలు ముందే చేసుకోవాలి. హైదరాబాదులోని ఐసీఎస్ఎస్ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం వంటివి ఉన్నాయి. వాటి తలుపు తట్టే అలవాటు మన విభాగాలకు పెరగాలి.

అంతకంటే దగ్గరి తలుపు ఒకటి ఉంది, దాని సంగతి మనకు తట్టదు. పలాస నుంచి విశాఖకు రైల్లో మూడు నాలుగు గంటలు. పలాస నుంచి ఒడిశాలోని బరంపురానికి గంట, గంటన్నర. అక్కడి బరంపురం విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది. ఆ ఊళ్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో ఇచ్ఛాపురం వాళ్లకు చెప్పనక్కర్లేదు. పెళ్లిళ్లు, వైద్యం, పట్టుచీరల బేరం అన్నిటికీ సరిహద్దు దాటే మనం చదువు దగ్గర మాత్రం రాష్ట్రం గీత దగ్గర ఆగిపోతున్నాం. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. ఈ రెండు పనులకూ ఆయన ఏ సరిహద్దునూ అడ్డం అనుకోలేదు. వంశధార నీళ్ల వివాదం, ఒడియా తెలుగు కలిసిన ఊళ్లు, సవర పల్లెలు, రెండు రాష్ట్రాల తుపాను హెచ్చరికలు, వీటి మీద విశాఖ, ఎచ్చెర్ల, బరంపురం విద్యార్థులు జంటలుగా పనిచేస్తే, ఒకరికి తెలుగు వస్తుంది, ఇంకొకరికి ఒడియా. అంతర్జాతీయ పరిచయాలకు అది మొదటి మెట్టు.

జర్నలిజం చదువుకోనివాళ్లే మాధ్యమాన్ని చేతిలోకి తీసుకున్న దాఖలాలు తెలుగు నేల మీద ఉన్నాయి. 2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలు నవోదయం పత్రిక మొదలుపెట్టారు, తామే విలేకరులై రాశారు. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దళిత మహిళలు సంఘం రేడియో తెరిచారు. ఈ రెండు చోట్లా నేర్పిన పద్ధతి ఒకటే: పరికరం చేతికివ్వడం, తప్పులు పోనివ్వడం, పక్కనే ఉండడం. పలాసలో కమ్యూనిటీ రేడియో ఒక మంచి శిక్షణ కేంద్రం కాగలదు. నిబంధనల ప్రకారం అందులో సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలే వినిపించాలి. అది మారాలి. అయినా వాతావరణం, ఆరోగ్యం, మార్కెట్ ధరలు, వేట సమాచారం చెప్పొచ్చు. తిత్లీ రోజుల్లో కరెంటు లేక, సెల్ టవర్లు పడిపోయి జనం చీకట్లో ఉన్నప్పుడు బ్యాటరీ రేడియో విలువ ఏమిటో ఉద్దానానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

డబ్బు మాట దాటవేయను. రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు సామాజిక సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ కలిపి పది నెలలు తప్పనిసరి చేసి కొన్నేళ్లవుతోంది. జర్నలిజం పీజీకి చివరి సెమిస్టరు ఆరు నెలలు ఊళ్లోనే గడపాలని పెట్టడం కొత్త వింత కాబోదు. ఆరు నెలలు అనడానికి కారణం ఉంది. సమాచార హక్కు చట్టం కింద అడిగితే జవాబుకు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలుకు మరో 30 నుంచి 45 రోజులు. ఈ చక్రం ఒకసారి తిరగాలంటేనే మూడు నెలలు కావాలి. రెండు వారాల ఇంటర్న్‌షిప్‌లో కుర్రాడు చూసేది ఆఫీసు టీ గ్లాసులే. పన్నెండుమందికి నెలకు 10 వేల చొప్పున ఆరు నెలలు స్టయిపెండు ఇస్తే 7 లక్షల 20 వేల రూపాయలు. ఇద్దరు అనుభవజ్ఞులైన మండల విలేకరులకు గౌరవ వేతనం, ఒక అద్దె గది, రెండు కంప్యూటర్లు, అమ్మాయిలకు హాస్టల్ అదనం. హాస్టల్ మాట మరచిపోకూడదు. రాత్రి పది గంటలకు ఆస్పత్రి నుంచి తిరిగొచ్చే అమ్మాయికి సురక్షితమైన గది లేకపోతే ఈ పథకం మగపిల్లల పథకంగా మిగిలిపోతుంది. ఈ ఖర్చు విశ్వవిద్యాలయం, మీడియా అకాడమీ, పత్రికా సంస్థలు పంచుకోవచ్చు. ఒక షరతు మాత్రం ఉండాలి: డబ్బు పెట్టినవాళ్లు వార్త మీద చెయ్యి వేయకూడదు. ముఖ్యంగా ప్రభుత్వం, పోర్టులు, పవర్ ప్లాంట్లు కట్టే కంపెనీలు. మూలపేట పోర్టు పక్కన శిక్షణ పొందే విద్యార్థి ఆ పోర్టు గురించే స్వేచ్ఛగా రాయలేకపోతే ఆ శిక్షణ ఎందుకు?

మండల విలేకరికి గౌరవ వేతనం అన్నది దయ చూపడం కోసం పెట్టిన మాట కాదు. ఇరవై ఏళ్లుగా ఏ తహసీల్దారు ఏ మాటకు తడబడతాడో, ఏ ఊళ్లో ఎవరి దగ్గర నిజం ఉంటుందో తెలిసిన మనిషి అతను. అతని దగ్గర పద్ధతి, పత్రాలు చదివే ఓపిక తక్కువ కావచ్చు. విద్యార్థి దగ్గర అవి ఉన్నాయి, మనుషులు తెలియరు. ఇద్దరినీ ఒక బండి మీద ఎక్కిస్తే ఎవరికి ఎవరు గురువో ఆరు నెలల తర్వాత చెప్పడం కష్టం.

పిక్కల సీజను మార్చిలో మొదలై మే దాకా నడుస్తుంది. విశాఖ, ఎచ్చెర్ల, బరంపురం విశ్వవిద్యాలయాలు ఈలోగా కూర్చుని ఒక ఒప్పందం మీద సంతకాలు చేసుకుంటే, వచ్చే మార్చి మొదటి వారానికి తొలి బృందం కాశీబుగ్గలో దిగి, కాటా దగ్గర నిలబడి బస్తా తూకం రాసుకోవడం మొదలుపెట్టవచ్చు.